ఆర్పకూడని ఫోన్

2019 సెప్టెంబర్ 27న, ఆక్సియమ్‌ఎక్స్ అనే మారుపేరుతో పనిచేసే ఒక పరిశోధకుడు ఐఫోన్లలో తాను పట్టుకున్న లోపాన్ని అందరి ముందూ పెట్టేశాడు. దానికి చెక్‌మేట్ అని పేరు పెట్టాడు. ఐఫోన్ 4ఎస్ మొదలు ఐఫోన్ ఎక్స్ దాకా, అంటే ఎ5 చిప్ నుంచి ఎ11 చిప్ వరకు, ఏ ఫోన్ తీసుకున్నా ఆ లోపం ఉంది. ఆపిల్ కంపెనీ దాన్ని ఇప్పటికీ సరిచేయలేదు, ఇకమీదట చేయలేదు కూడా. ఎందుకంటే అది చిప్ పోతపోసేటప్పుడే అందులో శాశ్వతంగా అచ్చు పడిపోయే బూట్ రోమ్‌లో ఉంది. అప్‌డేట్ ఎన్నిసార్లు వేసినా బూట్ రోమ్‌లో ఒక్క అక్షరం మారదు.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో నాకొక చిన్న మొబైల్ రిపేర్ దుకాణం ఉంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి లోపం బయటపడటం నా పనిలో నేను చూడటం అది రెండోసారి. మొదటిది 2010లో. ఆ మొదటి దాని సంగతి చెప్పకపోతే రెండో దాంట్లో నేను చేసిన తప్పు ఎక్కడిదో అర్థం కాదు.

మన దేశంలో ఐఫోన్ 3జీని 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ కంపెనీలు అమ్మకానికి పెట్టాయి. 8 జీబీ ఫోన్ 31,000 రూపాయలు. వరంగల్‌లో అంత డబ్బు పెట్టి కొన్నవాళ్లు నాకు తగల్లేదు. అయినా ఊళ్లో ఐఫోన్లు ఉండేవి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన అల్లుడో, మేనమామ కొడుకో సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన తాను వాడి వదిలేసిన ఫోన్ పెట్టుకొచ్చేవాడు. అది ఏటీ అండ్ టీకి లాక్ అయి ఉండేది. మన సిమ్ వేస్తే సిగ్నల్ రాదు. ఆ లాక్ తీయాలంటే ముందు జైల్‌బ్రేక్ చేసి, అంటే ఆపిల్ పెట్టిన కట్టడి తొలగించి, ఆ పైన అల్ట్రాస్నో అనే ప్రోగ్రాం ఎక్కించాలి. హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్లో నేను పని నేర్చుకుంటున్న రోజులవి. మా ఉస్తాద్ దగ్గరికి ఈ పని మీదే జిల్లాల నుంచి జనం వచ్చేవాళ్లు.

కొన్ని 3జీ, 3జీఎస్ ఫోన్లలో సిగ్నల్ సంగతి చూసుకునే బేస్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్ తీసి ఐప్యాడ్‌ది ఎక్కిస్తే గానీ లాక్ ఊడేది కాదు. అది ఎక్కిస్తే జీపీఎస్ పనిచేయడం మానేసేది, వారంటీ పోయేది. ఆ ఫోన్ ముట్టుకునే ముందు ఉస్తాద్ కస్టమర్‌ని కూర్చోబెట్టి, "ఏం పోతుందో ముందు విను బాబూ, ఏం వస్తుందో తర్వాత చెప్తా" అనేవాడు. సగం మంది విని ఫోన్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. చేతికొచ్చిన గిరాకీని వదులుకుంటున్నాడే అని నాకు లోపల కష్టంగా ఉండేది.

2010 అక్టోబర్‌లో జార్జ్ హాట్జ్ అనే కుర్రాడు లైమ్‌రెయిన్ విడుదల చేశాడు. ఐఫోన్ 3జీఎస్, ఐఫోన్ 4, మొదటి ఐప్యాడ్‌ల బూట్ రోమ్‌లో ఉన్న లోపం మీద నడిచే సాధనం అది. దాన్ని ఆసరా చేసుకుని, పాస్‌కోడ్ మరిచిపోయిన ఫోన్లను లోపలి ఫోటోలు పోకుండా తెరిచే పద్ధతులు కూడా వచ్చాయి. అప్పటి ఫోన్లలో పాస్‌కోడ్ మామూలుగా నాలుగంకెలే. ఫోన్‌ను బూట్ దశలోనే మన చేతిలోకి తెచ్చుకుంటే తెర మీది 'కాసేపు ఆగండి' అన్న అడ్డంకి పనిచేయదు. అప్పుడు 0000 నుంచి 9999 దాకా ఫోన్ చేతే లెక్క వేయించవచ్చు. ఒక్కో ప్రయత్నానికి సెకనులో పన్నెండో వంతు పట్టినా, పదివేలూ అయిపోవడానికి పావుగంట చాలు. అలా తెరుచుకున్న ఐఫోన్ 4ను నేను ఉస్తాద్ బల్ల మీద కళ్లారా చూశాను. బూట్ రోమ్ దొరికితే ఫోన్ మొత్తం దొరికినట్టే అన్న నమ్మకం నాలో ఆ రోజే పాతుకుపోయింది. ఆ చిప్‌ల విషయంలో అది నిజం కూడా.

తొమ్మిదేళ్ల తర్వాత చెక్‌మేట్ వచ్చేసరికి నేను అదే నమ్మకంతో ఉన్నాను.

అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఐఫోన్ ఆన్ చేయగానే ముందు లేచేది బూట్ రోమ్. అది ఐబూట్ అనే తర్వాతి ప్రోగ్రాం మీద ఆపిల్ సంతకం సరిగ్గా ఉందని చూసుకుని దాన్ని లేపుతుంది. ఐబూట్ అదే విధంగా ఐఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ను పరీక్షించి లేపుతుంది. బూట్ రోమ్‌ను పరీక్షించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అందరి మీదా నమ్మకం మొదలయ్యేది దానితోనే. ఫోన్ పూర్తిగా చచ్చిపోయినప్పుడు బతికించడానికి డీఎఫ్‌యూ అనే స్థితి ఒకటి పెట్టారు. అందులో తెర నల్లగానే ఉంటుంది, బూట్ రోమ్ ఒక్కటే మెలకువగా ఉండి యూఎస్‌బీ కేబుల్ వైపు చూస్తూ ఉంటుంది. కేబుల్ ద్వారా వచ్చేదాన్ని పట్టుకోవడానికి మెమరీలో 2,048 బైట్ల జాగా తీసి పెడుతుంది. డీఎఫ్‌యూ ముగిసేటప్పుడు ఆ జాగాను వదిలేస్తుంది గానీ, దాని చిరునామాను తుడవడం మరిచిపోతుంది. సమాచారం పంపడం మధ్యలో తెంచేసి, ఫోన్‌ను మళ్లీ డీఎఫ్‌యూలోకి రానిస్తే, అది పోయిన జాగా చిరునామాకే రాస్తుంది. అక్కడ ఈసారి వేరే పనికి వాడుకుంటున్న మెమరీ ఉంటుంది. ఆ రాతను మనకు కావలసినట్టు మలచగలిగితే, ఆపిల్ సంతకం లేని కోడ్ బూట్ రోమ్ దశలోనే నడుస్తుంది. 2018 వేసవిలో ఐఓఎస్ 12 బీటాలో ఆపిల్ ఐబూట్‌కు చేసిన ఒక చిన్న మరమ్మతు చూసి ఆక్సియమ్‌ఎక్స్ ఈ దారి పట్టాడు. కొత్త కోడ్‌లో అతుకు వేశారంటే పాత చోట చిల్లు ఉండాలి కదా.

అప్‌డేట్‌తో పోయే లోపానికీ, పోని లోపానికీ తేడా మన తెలుగువాళ్లకు చెప్పడం సులువు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరాన్ని మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం చేర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మళ్లీ మళ్లీ ఆఫ్ అవుతూ ఆన్ అవుతూ ఉండేది. ప్రపంచమంతా ఆ అక్షరం గురించే మాట్లాడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 రావడంతో ఆ కథ ముగిసింది. చెక్‌మేట్‌కు అలాంటి ముగింపు లేదు. చేతిలో ఉన్న ఎ10 చిప్ పగిలిపోయేదాకా అందులో ఆ లోపం ఉంటుంది.

2019 నవంబర్‌లో ఈ లోపం మీద కట్టిన జైల్‌బ్రేక్, చెక్‌రెయిన్, వచ్చింది. మొదట్లో మ్యాక్‌లోనే నడిచేది. నా దుకాణానికి వచ్చే ఒక ఎన్‌ఐటీ విద్యార్థి తన పాత మ్యాక్‌బుక్ వారం రోజులు ఇచ్చాడు. ఎ10 చిప్ ఉన్న నా సొంత ఐఫోన్ 7 మీదే మొదలుపెట్టాను. పక్క బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి పట్టుకోవాలి. తెర ఆరాక పక్క బటన్ వదిలేసి రెండోదాన్ని మాత్రం ఇంకాసేపు పట్టుకోవాలి. తెర నల్లగా ఉండి, కంప్యూటర్ మాత్రం ఫోన్ ఉందని గుర్తిస్తే డీఎఫ్‌యూలోకి వెళ్లినట్టు. ఆపిల్ బొమ్మ వచ్చిందంటే పట్టు తప్పినట్టు, మొదటికి రావాలి. కాసేపటికి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల వరుసలు పరుగెత్తడం మొదలయ్యాయి. నా ఫోన్ నాకు లొంగింది. ఈ కోడ్ అంతా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతుంది, కేబుల్ పెట్టి మళ్లీ చేసుకోవాలి. ఆ ఒక్క ఇబ్బంది తప్ప నాకు ఇంకేదీ కనపడలేదు. ఒక్కటి చూసుకోలేదు: నా ఫోన్ పాస్‌కోడ్ నాకు తెలుసు. ప్రతిసారీ అది అడగగానే కొట్టేశాను. అది అడుగుతోందంటే దాని అవసరం ఇంకా ఉందని నాకు తట్టలేదు.

2020 ఫిబ్రవరిలో పరకాల వైపు ఊరి నుంచి ఒక తల్లి, ఆమె చిన్న కొడుకు వచ్చారు. పెద్ద కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, కూకట్‌పల్లిలో స్నేహితులతో గదిలో ఉండేవాడట. నెల కింద రోడ్డు ప్రమాదంలో పోయాడు. చేతి రుమాలులో చుట్టిన ఐఫోన్ 7ను ఆమె బల్ల మీద పెట్టింది. ఆరంకెల పాస్‌కోడ్ ఎవరికీ తెలియదు.

"దీంట్ల మావోని ఫోటోలున్నయి బిడ్డా. తీసిస్తవా?" అంది. తర్వాత, నేను అడగకుండానే, "గిది బంద్ గాకుంట సూసుకుంటున్న. రోజు రాత్రి చార్జింగ్ పెడుతున్న" అంది.

ఆ రెండో మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. బిడ్డ పోయిన తల్లి బెంగ అనుకున్నాను. ఆ ఫోన్ గురించి ఆ రోజు నాకు అందిన అతి ముఖ్యమైన సమాచారం అదే. "తీసిస్తనమ్మా, రేపు సాయంత్రం రాండ్రి" అన్నాను. ఏం పోతుందో నేను చెప్పలేదు. పోయేది ఏదైనా ఉంటుందని నాకు తెలిస్తే కదా.

వాళ్లు గడప దాటగానే ఫోన్‌ను డీఎఫ్‌యూలోకి తీసుకెళ్లాను.

చెక్‌రెయిన్ మామూలుగానే నడిచింది. ఫోన్ లేచి పాస్‌కోడ్ అడిగింది. నేను కేబుల్ ద్వారా లోపలికి వెళ్లాను. ఫోటోలుండే డీసీఐఎం ఫోల్డర్ తెరిస్తే వరుసగా పేర్లు వచ్చాయి. ప్రతి పేరుకూ పక్కన తేదీ, సైజు. సంక్రాంతి ముందు రోజుల్లో తీసినవి ఒక గుత్తిగా ఉన్నాయి. ఒక వీడియో మిగతావాటికన్నా చాలా పెద్దది. అక్కడున్నాయి, కంటికి కనిపిస్తున్నాయి. ఒకదాన్ని కాపీ చేయబోతే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని వచ్చింది. ఇంకొకటి ప్రయత్నించాను, అదే మాట. మొత్తం ఫోల్డర్ లాగబోతే అదే మాట వరుసలు వరుసలుగా తెర నిండా దిగింది. కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, జైల్‌బ్రేక్ మళ్లీ మొదటినుంచి చేశాను. తప్పు నా చేతిలో ఎక్కడో ఉందని, తెల్లవారేలోగా దొరుకుతుందని కూర్చున్నాను.

అక్కడ నాకు తెలియనిది ఇది. 2013లో ఐఫోన్ 5ఎస్‌తో ఆపిల్ తన చిప్‌లో సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే ఇంకో చిన్న ప్రాసెసర్ పెట్టింది. దానికి తన సొంత బూట్ రోమ్, తన సొంత సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఫోటోలు, మెసేజ్‌లు, కాంటాక్టులు ఒక్కోటీ ఒక్కో తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఆ తాళంచెవుల్ని విప్పే పెద్ద తాళంచెవి, మనం కొట్టే పాస్‌కోడ్‌నూ, ఆ చిప్‌లోనే పుట్టి ఎవరికీ కనపడకుండా దాగి ఉన్న ఒక సంఖ్యనూ కలిపితే గానీ తయారవదు. ఆ కలిపే పని ఎన్‌క్లేవ్ చేస్తుంది. తప్పు కొట్టేకొద్దీ ఆలస్యం పెంచుతుంది. మెయిన్ ప్రాసెసర్ ఎవరి చేతిలో ఉన్నా దానికి లెక్కలేదు. చెక్‌మేట్ తెరిచేది మెయిన్ ప్రాసెసర్‌ను మాత్రమే. ఫైళ్ల పేర్లు, సైజుల్ని కాపాడే తాళంచెవి ఫోన్ లేవగానే అందుబాటులోకి వస్తుంది కాబట్టి అవి నాకు కనిపించాయి. ఫైళ్ల లోపలిది కనపడదు. మన ఓరుగల్లు కోటకు బయట మట్టికోట, లోపల రాతికోట ఉన్నాయి. 1310లో మాలిక్ కాఫర్ సేన మట్టికోట పట్టుకున్నా ఇంకా రాతికోట గోడ బయటే ఉంది. నేను పట్టుకున్నది మట్టికోట.

అంతవరకే అయితే అది తెలియనితనం. ఆశపడ్డ పని కాలేదు, ఫోన్ తిరిగిచ్చేశాను అని ఊరుకునేవాణ్ని. కానీ మర్నాడు సాయంత్రం ఆ తల్లి వచ్చినప్పుడు జరిగింది వేరు.

కాలేదమ్మా అని చెప్పాను. ఆమె తల ఊపింది. ఫోన్ చేతిలోకి తీసుకుని, కొంగుముడిలోంచి తన చిన్న కీప్యాడ్ ఫోన్ తీసి, పెద్ద కొడుకు నంబర్ నొక్కింది. ఐఫోన్ మోగింది. తెర మీద పదంకెలు వచ్చాయి.

"పేరు రాలే" అంది.

నాకు అర్థం కాలేదు. చిన్న కొడుకు చెప్పాడు: "అన్నా, మా అమ్మ చేస్తే 'అమ్మ' అని వచ్చేది. అమ్మ ఫోటో గూడ వచ్చేది. నిన్నటిదాంక వచ్చింది." ఆమె ఫోన్ ఆరిపోకుండా రోజూ చార్జింగ్ పెట్టింది ఇందుకే. రోజూ ఒకసారి చేసి చూసుకునేది. ఆమెకు చదువు రాదు, కానీ ఆ రెండక్షరాల ఆకారం తెలుసు.

ఆ పేరు ఎందుకు పోయిందో ఆ సాయంత్రం నేను చెప్పలేకపోయాను. "రీస్టార్ట్ అయ్యింది కదమ్మా, వస్తది" అన్నాను. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు. తెలియని మాటను తెలిసినట్టు చెప్పడం మాత్రం తెలిసే చేశాను.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణం మూతపడింది. ఆ ఖాళీలో ఆపిల్ తానే ప్రచురించే ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఈ పని చేసేవాడు ముందే చదవాల్సిన పుస్తకం అది. ఐఫోన్‌కు రెండు స్థితులున్నాయి. ఆన్ చేశాక ఒక్కసారి కూడా పాస్‌కోడ్ కొట్టని స్థితి ఒకటి. ఒక్కసారి కొట్టాక, తర్వాత తెర లాక్ అయినా సరే, ఉండే స్థితి రెండోది. రెండో స్థితిలో చాలా ఫైళ్ల తాళంచెవులు మెమరీలో సిద్ధంగా ఉంటాయి. లాక్ తెర మీదే కాంటాక్టు పేరు కనపడేది, తెలిసిన వైఫైకి ఫోన్ తనంతట తాను కలిసేది అందుకే. ఫోన్ ఆఫ్ అయితే ఆ తాళంచెవులన్నీ చెరిగిపోతాయి, మళ్లీ పాస్‌కోడ్ కొట్టేదాకా రావు.

ఆ అబ్బాయి ఆఖరిసారి తన వేలితో పాస్‌కోడ్ కొట్టిన దగ్గర నుంచి ఆ ఫోన్ రెండో స్థితిలో ఉంది. తల్లి దాన్ని నెలరోజులు ఆ స్థితిలోనే నిలిపి ఉంచింది. బూట్ రోమ్ లోపం వాడుకోవాలంటే ఫోన్‌ను డీఎఫ్‌యూలోకి తేవాలి, అంటే ఆర్పాలి. ఇలాంటి సాధనం ఏదైనా మొదటి మెట్టులోనే ఆ తాళంచెవుల్ని పారబోస్తుంది.

పారబోయకుండా ఉంటే ఏం చేయగలిగేవాణ్ని? ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉన్న ఫోన్, లాక్ అయి ఉన్నా సరే, చార్జింగ్‌లో ఉండి తెలిసిన వైఫై దొరికితే రాత్రిపూట తనంతట తాను బ్యాకప్ పంపుతుంది. పల్లెలో వాళ్ల ఇంట్లో వైఫై లేదు. కూకట్‌పల్లి గదిలో ఉంది, స్నేహితులు ఇంకా అక్కడే ఉన్నారు. ఒక రాత్రి ఆ గదిలో చార్జింగ్ పెట్టి ఉంచితే, లేదా గది వైఫై పేరు, పాస్‌వర్డ్ అడిగి అవే పెట్టి ఒక హాట్‌స్పాట్ ఆన్ చేసినా, ఫోటోలు ఐక్లౌడ్‌కు చేరి ఉండవచ్చు. ఆ తర్వాత ఐక్లౌడ్‌లోకి వెళ్లడానికి అతని జీమెయిల్ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది, సిమ్ పనిచేస్తోంది. బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో, ఉచితంగా ఇచ్చే 5 జీబీలో చోటు మిగిలిందో లేదో చెప్పలేను. కానీ ఆ దారి ఒకటి ఉండింది. నేను ఫోన్ ముట్టుకున్న మొదటి నిమిషంలోనే దాన్ని మూసేశాను.

ఇదే దారిని అమెరికాలో ఎఫ్‌బీఐ పర్యవేక్షణలో కూడా మూసేశారని తర్వాత చదివాను. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిపినవాడి ఐఫోన్ 5సీ దొరికింది. చివరి ఐక్లౌడ్ బ్యాకప్ అక్టోబర్ 19న ఆగిపోయి ఉంది. తెలిసిన వైఫై దగ్గర పెడితే కొత్త బ్యాకప్ వచ్చే అవకాశం ఉన్నా, అధికారులు తొందరపడి ఐక్లౌడ్ పాస్‌వర్డ్ మార్పించారు. దాంతో ఫోన్ బ్యాకప్ పంపడానికి వీల్లేకపోయింది. అక్కడ తప్పు జరిగిందని 2016 మార్చిలో ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ అమెరికా చట్టసభ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత బయటివాళ్ల సాయంతో ఆ ఫోన్ తెరవగలిగారు. ఐఫోన్ 5సీలో సెక్యూర్ ఎన్‌క్లేవ్ లేదు. ఐఫోన్ 7లో ఉంది.

లాక్‌డౌన్ సడలాక పరకాల వైపు వాళ్ల ఊరికి వెళ్లాను. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని, పేరు ఎందుకు పోయిందో, అది నా చేతిలో ఎలా పోయిందో చెప్పాను. తమ్ముడికి అంతా అర్థమైంది. ఆమె, "నువ్వు కావాల్నని చేసినవా బిడ్డా" అంది. ఆ మాట నాకు ఊరట కలిగించలేదు, ఇప్పటికీ కలిగించదు. కావాలని చేయకపోవడం పని తెలియకపోవడానికి సాకు కాదు. బల్ల మీదికి వచ్చిన వస్తువు గురించి నాకు సగమే తెలుసని నాకు తెలిసి ఉండాలి.

ఆ రోజుల్లోనే చెక్‌మేట్ మీద ఇంకో వ్యాపారం లేచింది. ఐక్లౌడ్ లాక్ ఉన్న, అంటే సొంతదారుడి ఖాతా పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని, ఫోన్లను 'బైపాస్' చేసే సాధనాలు వచ్చాయి. చాలావాటిలో బైపాస్ అయ్యాక కాల్స్ పనిచేయవు, అయినా వైఫైతో వాడుకోవచ్చని కుర్రవాళ్లు పట్టుకొచ్చేవాళ్లు. మొదట్లో నేను కూడా కొన్ని చేశాను. బిల్లు అడగలేదు. ఎవరో ఒకరి జేబులోంచి పోయిన ఫోన్లు వాటిలో ఉండే ఉంటాయి. ఈ లోపం ఏం తెరుస్తుంది, ఏం తెరవదు అని నెమ్మదిగా ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కింది. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి వస్తువును అమ్ముకోవాలనుకునే దొంగకు అది దారి ఇస్తుంది. వస్తువు అక్కర్లేదు, లోపలున్న నాలుగు ఫోటోలు చాలు అనే తల్లికి ఇవ్వదు. ఇప్పుడు బైపాస్ పని నా దగ్గర లేదు. 2023లో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్ వచ్చాక ఐఎంఈఐ నంబర్ కొట్టి చూడటం, పోయిన ఫోన్‌ను అందులోని సీఈఐఆర్‌లో నమోదు చేయడం తేలికైంది. తెలంగాణ పోలీసులు దాంతో వెతికిన ఫోన్లను కుప్పలుగా పోసి సొంతదారులకు పంచడం ఊళ్లో అందరూ చూస్తున్నారు. తెలియనివాళ్లు ఫోన్ తెస్తే *#06# కొట్టి నంబర్ చూసి, బిల్లు అడుగుతాను. లేదంటే స్టేషన్‌కు వెళ్లమంటాను.

పాత ఐఫోన్ల మీద నాకున్న ఇష్టం మాత్రం పోలేదు. 2023లో వచ్చిన ఐఓఎస్ 17తో ఐఫోన్ 8, ఐఫోన్ ఎక్స్‌లకు కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. 2018లో వచ్చిన ఎ12 చిప్ నుంచి చెక్‌మేట్ పనిచేయదు. కాబట్టి ఈ లోపం ఇక పాత ఫోన్ల సొత్తే. సొంతదారుడు బతికుండి, పాస్‌కోడ్ తెలిసి, తన ఫోన్‌ను తనకు నచ్చినట్టు వాడుకుంటానంటే సంతోషంగా చేసిస్తాను. ఆపిల్ కూడా ఫోన్‌ను లొంగదీసుకోవడానికీ, లోపలి సమాచారం తీయడానికీ మధ్య గోడ పెంచుతూ వచ్చింది. ఐఓఎస్ 14 నుంచి, డీఎఫ్‌యూ మీదుగా లేచిన ఎ10, ఎ11 చిప్‌ల ఫోన్‌లో వాడుకదారు సమాచారం విప్పమని అడిగితే ఎన్‌క్లేవ్ పని ఆపేసి ఫోన్‌ను కూల్చేస్తుంది. ఐఫోన్ 8, ఐఫోన్ ఎక్స్‌లలో ఇప్పటి జైల్‌బ్రేక్ నడవాలంటే అసలు పాస్‌కోడే తీసేయాలి. ఈ మాట నేను గిరాకీకి ముందే చెప్తాను. సగం మంది విని వెళ్లిపోతారు.

ఫోన్ ఎవరైనా తెస్తే ఇప్పుడు నా మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఆఫ్ అయ్యిందా, ఆన్‌లోనే ఉందా? ఆన్‌లో ఉంటే ముందు చార్జర్ పెడతాను. సిమ్ తీయను, బటన్ నొక్కను. ఎవరిది, ఎక్కడ ఉండేవాడు, ఏ వైఫై వాడేవాడు, ఇంట్లో ఇంకే కంప్యూటర్ ఉంది అని అడుగుతాను. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 15.2 నుంచి లెగసీ కాంటాక్ట్ అనే ఏర్పాటు ఉంది. మనం పోతే మన ఐక్లౌడ్‌లోని ఫోటోలు ఎవరికి చెందాలో ముందే పేరు పెట్టి ఉంచవచ్చు. దుకాణానికి వచ్చిన ప్రతి ఐఫోన్ మనిషికీ అది చూపిస్తున్నాను. కొందరు అపశకునం అంటారు. అయినా చూపిస్తాను.

ఈ మధ్య ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. వేరే ఊళ్లో ఎవరో రెండు రోజుల్లో తెరిచిస్తామన్నారట, ఇవ్వమంటావా అన్నా అని అడిగాడు. ఎలా తెరుస్తారో అడగమన్నాను. రీస్టోర్ అన్న మాట వస్తే ఫోన్ చేతికి ఇవ్వొద్దు, రీస్టోర్ చేస్తే ఫైళ్ల పేర్లు కూడా మిగలవు. బోర్డు మారుస్తామంటే అసలే వద్దు. ఆ దాగి ఉన్న సంఖ్య ఆ చిప్‌లోనే ఉంది, చిప్ పోతే పాస్‌కోడ్ దొరికినా ఉపయోగం ఉండదు. ఊహించి అంకెలు కొట్టొద్దు, తప్పులు ఎక్కువైతే ఫోన్ పూర్తిగా మూసుకుపోతుంది. అన్న వాడిన ఏటీఎం పిన్‌లు, హాల్‌టికెట్ నంబర్లు, బండి నంబర్లు గుర్తొస్తే కొట్టకుండా కాగితం మీద రాసి పెట్టు, కలిసి కూర్చుని చూద్దాం అన్నాను. ఎన్‌క్లేవ్‌లో కూడా లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. 2020లో చైనాకు చెందిన పాంగు బృందం ఎ10 దాకా ఉన్న ఎన్‌క్లేవ్‌ల రోమ్‌లో ఒకటి చూపించింది. దాని మీద కట్టి, ఈ ఫోన్ పాస్‌కోడ్ తేల్చే సాధనం ఏదీ నా చేతికి రాలేదు. ఫోన్‌లో ఉన్నవి మాత్రం ఎక్కడికీ పోవు, ఆగవచ్చు. రెండు మూడు నెలలకోసారి సగం వరకు చార్జింగ్ పెట్టమన్నాను. బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేస్తున్నట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ ఆపేసి, అదే రోజు నా దగ్గరికి తెమ్మన్నాను. బ్యాటరీ నేను మారుస్తాను.